మోర్మన్ దేవాలయ ఆచారాలు: మూలం బైబిలా, మేసన్ల లాడ్జా?

మోర్మన్లు, అంటే కడవరి దిన పరిశుద్ధుల సంఘం వాళ్లు, దేవాలయంలో చేసే ఆచారాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? దీనికి రెండు జవాబులు బాగా ప్రచారంలో ఉన్నాయి. సొలొమోను ఆలయంలో జరిగినవే ఇవి, కాలక్రమంలో మరుగున పడితే దేవుడు తమ సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ద్వారా మళ్లీ ఇచ్చాడనేది సంఘంలో ఉన్నవాళ్ల మాట. ఆయన ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం లాడ్జిలో, అంటే వాళ్ల స్థానిక శాఖలో చేరి అక్కడి తంతు కాపీ కొట్టాడనేది బయటివాళ్ల మాట. మా బంధువుల్లో ఒక కుటుంబం ఈ సంఘంలో ఉంది, మిగతావాళ్లు వేరే చర్చిలకు వెళ్తారు. పండగలకు కలిసినప్పుడల్లా ఈ రెండు మాటలతోనే వాదించుకుంటారు. నాకైతే ఈ ఆచారాలన్నిటినీ ఒకే మూటగా కట్టి తూచితే రెండు జవాబులూ నిలబడవనిపిస్తుంది. ఒక్కోదాని పుట్టుక ఒక్కో రకం. ఆలయం లోపలి వివరాలు కొన్ని బయటపెట్టబోమని వాళ్లు ప్రమాణం చేస్తారు కాబట్టి, వాటి జోలికి పోకుండానే మాట్లాడతాను.

స్నానం, అభిషేకం దగ్గర పేచీ త్వరగానే తెగుతుంది. అహరోనునూ అతని కొడుకులనూ గుడారం ద్వారం దగ్గరికి తీసుకొచ్చి నీళ్లతో స్నానం చేయించి, యాజక వస్త్రాలు తొడిగి, తల మీద తైలం పోసి అభిషేకించమని నిర్గమకాండం 29వ అధ్యాయంలో మోషేకు ఆజ్ఞ ఉంది. జోసెఫ్ స్మిత్ అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కర్ట్‌లాండ్‌లో తన అనుచరులకు ఇలాంటి ఆచారమే మొదలుపెట్టింది 1836 జనవరిలో. ఆయన మేసన్ అయింది 1842 మార్చిలో. ఆరేళ్ల ముందే చేసినదాన్ని లాడ్జిలో చేరాక నేర్చుకున్నాడనడం కుదరదు. మూలం బైబిలే. అయితే నిర్గమకాండంలో అది అహరోను వంశపు యాజకులకు మాత్రమే. నేటి మోర్మన్ ఆలయంలో అర్హులైన స్త్రీపురుషులందరికీ ఉంది. ఈ మార్పు మాత్రం బైబిల్లో లేదు.

అసలు గొడవంతా ఎండోమెంట్ అనే ఆచారం చుట్టూనే. సృష్టి, ఆదాము హవ్వల కథ, ఏదెను నుంచి బయటికి రావడం, మెట్టుమెట్టుగా దేవునితో నిబంధనలు చేసుకుంటూ తిరిగి ఆయన సన్నిధికి చేరడం దీని సారాంశం. ఫ్రీమేసన్రీ మతం కాదు, ఒక సోదర సంఘం. హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరిలో ఉన్నది వాళ్ల లాడ్జే. సొలొమోను ఆలయ నిర్మాణం గురించిన ఒక గాథను ఆధారం చేసుకుని, అంచెలంచెలుగా, సంజ్ఞలతో, గోప్యత ప్రమాణాలతో కొత్త సభ్యుణ్ణి లోపలికి తీసుకుంటారు.

ఇప్పుడు తారీఖులు చూడండి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో 1842 మార్చి 15, 16 తేదీల్లో జోసెఫ్ మేసన్ అయ్యాడు. మే 4న, తన ఎర్ర ఇటుకల దుకాణం పై అంతస్తులో 9 మందికి మొదటిసారి ఎండోమెంట్ ఇచ్చాడు. మధ్యలో ఉన్నది ఏడు వారాలే. ఆ తొమ్మిదిమందిలో ఒకడైన హీబర్ కింబల్ ఆ జూన్‌లోనే ఒక ఉత్తరంలో ఈ పోలికను ప్రస్తావించాడు. మేసన్రీ యాజకత్వం నుంచే పుట్టి తర్వాత చెడిపోయిందని జోసెఫ్ అంటున్నాడని రాశాడు. పోలికలున్నాయని సంఘం కూడా ఈ రోజు దాచడం లేదు.

కింబల్ ఇచ్చిన వివరణ నిలవాలంటే మేసన్రీ సొలొమోను కాలం నాటిదై ఉండాలి. కానీ లాడ్జిల రాతకోతలు దొరికేది 16వ శతాబ్దం చివర స్కాట్లాండ్ నుంచి. లండన్‌లో గ్రాండ్ లాడ్జి ఏర్పడింది 1717లో. అంతకు రెండున్నర వేల ఏళ్ల ముందటి యెరూషలేముకూ దీనికీ మధ్య గొలుసు ఎక్కడా లేదు. పైగా బైబిల్లో కనిపించే ఆలయంలో ముఖ్యంగా జరిగేది జంతుబలి. లోపలికి వెళ్లేది యాజకులు, అతిపరిశుద్ధ స్థలంలోకి ఏడాదికి ఒక్కసారి ప్రధాన యాజకుడు ఒక్కడే. భార్యాభర్తలు కలిసి వెళ్లి నిబంధనలు చేసుకునే దృశ్యం అక్కడ లేదు.

హ్యూ నిబ్లీ లాంటి మోర్మన్ పండితులు ఐగుప్తు సమాధుల్లోనూ తొలి క్రైస్తవుల ఆచారాల్లోనూ పోలికలు వెతికారు. 4వ శతాబ్దంలో యెరూషలేము బిషప్ సిరిల్ కాలంలో బాప్తిస్మం పొందేవారికి తైలాభిషేకం ఉండేది, తెల్లబట్టలు ఉండేవి. నిజమే. కానీ పోలిక వేరు, వారసత్వం వేరు. లాడ్జి విషయంలో ఊరు, మనుషులు, తేదీ మన కళ్ల ముందున్నాయి. ఐగుప్తు విషయంలో పోలిక మాత్రమే ఉంది.

అలాగని "కాపీ" అనేస్తే సరిపోతుందా? సరిపోదు. మేసన్ల గాథలో నాయకుడు హత్యకు గురైన శిల్పి హీరాము. ఎండోమెంట్‌లో ఉన్నది ఆదికాండం. ఆ ఆదికాండాన్ని జోసెఫ్ 1830 నుంచే తన పద్ధతిలో తిరిగి చెబుతూ వచ్చాడు. ఆనాటి లాడ్జిలోకి ఆడవాళ్లకు ప్రవేశం లేదు. జోసెఫ్ భార్య ఎమ్మా 1843లోనే ఎండోమెంట్ పొందింది, తర్వాత మిగతా స్త్రీలకూ ఇచ్చింది. లాడ్జి చూపేది సోదరభావం, సత్ప్రవర్తన. ఎండోమెంట్ లక్ష్యం మోక్షం. చెప్పే పద్ధతి లాడ్జిది, కథ ఆదికాండంది, అర్థం జోసెఫ్‌ది అని నేనంటాను. మిగతా రెండు జవాబులకంటే ఆధారాలకు ఇదే దగ్గర.

మృతుల కోసం బాప్తిస్మం, అంటే చనిపోయినవాళ్ల తరఫున బతికున్నవాళ్లు బాప్తిస్మం పొందడం దగ్గరికొస్తే మేసన్ల ప్రస్తావనే అనవసరం. వాళ్ల దగ్గర అలాంటిదేమీ లేదు. 1840 ఆగస్టు 15న నావూలో సీమోర్ బ్రన్సన్ అనే అతని అంత్యక్రియల ప్రసంగంలో జోసెఫ్ దీన్ని మొదటిసారి ప్రకటించాడు. మొదట్లో మిసిసిపీ నదిలోనే ఇచ్చేవారు. తర్వాత ఆలయంలో పన్నెండు ఎద్దుల మీద నిలబెట్టిన తొట్టి కట్టారు. ఆ రూపం 1 రాజులు 7వ అధ్యాయంలోని పోత సముద్రానిది, అంటే సొలొమోను ఆలయంలోని పెద్ద నీళ్ల తొట్టిది. అయితే ఆ సముద్రం యాజకులు కడుక్కోవడానికని 2 దినవృత్తాంతాలు 4:6 చెబుతోంది. చనిపోయినవాళ్ల ప్రస్తావన అక్కడ లేదు.

వాక్యాధారం అంతా 1 కొరింథీయులు 15:29 మీదే నిలబడింది. మృతులు లేపబడకపోతే వాళ్ల కోసం బాప్తిస్మం పొందేవారు ఎందుకు పొందుతున్నట్టు అని పౌలు అడుగుతాడు. అక్కడ "వారు" అన్నవాడు, తర్వాతి వచనంలోనే "మేము" అంటాడు, అంటే ఆ బాప్తిస్మం పొందేవారిలో తనను కలుపుకున్నట్టు లేదు. అలా చేయమని ఆజ్ఞ ఇవ్వలేదు, తప్పనీ అనలేదు. పునరుత్థానం గురించిన వాదనకు దాన్ని వాడుకుని ముందుకెళ్లాడు. ఆ ఆచారం తర్వాత కూడా అక్కడక్కడా ఉండేది. చర్చి తప్పుడు బోధకుడిగా వెలివేసిన మార్కియోను అనుచరులు శవం ఉన్న మంచం కింద ఒక బతికున్న మనిషిని దాచి, "బాప్తిస్మం కావాలా?" అని శవాన్ని అడిగితే కిందివాడు "కావాలి" అనేవాడనీ, అతనికే బాప్తిస్మం ఇచ్చేవారనీ ప్రాచీన క్రైస్తవ ప్రసంగీకుడు క్రిసోస్తము ఎద్దేవా చేశాడు. కాబట్టి ప్రాచీన కాలంలో ఇది ఉందన్న మోర్మన్ల మాట అబద్ధం కాదు. అపొస్తలులు నియమించారన్నదానికే ఆధారం లేదు. వాళ్ల పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథంలో కూడా ఈ ఆచారం ప్రస్తావన లేదు. జోసెఫ్ వారసులమనే చెప్పుకునే కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ సంఘం దీన్ని పాటించదు.

అయినా దీన్ని చులకన చేయడం నాకు నచ్చదు. తెలుగునాట మొదటి తరం విశ్వాసుల ఇళ్లలో "మా తాత సువార్త వినకుండానే పోయాడే, ఆయన గతేంటి?" అని గుండె బరువెక్కినవాళ్లు ఎందరో. ఆ ప్రశ్నకు ఈ ఆచారం సూటిగా జవాబిస్తుంది. చాలా చర్చిల్లో దొరికేది "దేవునికే తెలుసు" అన్న మాటే.

చివరిది సీలింగ్, భార్యాభర్తలను నిత్యత్వానికీ ముడివేయడం. భూమ్మీద బంధించింది పరలోకంలోనూ బంధించబడుతుందన్న మత్తయి 16:19 వాళ్ల ఆధారం. అక్కడ పెళ్లి ఊసు లేదు. మత్తయి 22:30లో, పునరుత్థానంలో పెళ్లి చేసుకోరు, పెళ్లికి ఇవ్వబడరని యేసే చెప్పాడు. కొత్త పెళ్లిళ్లు జరగవని మాత్రమే దాని అర్థమని మోర్మన్లు వివరిస్తారు. నాకది బలవంతపు వివరణలా కనిపిస్తుంది. మేసన్ల దగ్గర చూద్దామంటే వాళ్లకు పెళ్లి తంతే లేదు. ఇక మిగిలింది 1843 జూలై 12న, దేవుడు తనకు తెలియజేశాడంటూ జోసెఫ్ రాయించిన ప్రకటన ఒక్కటే. బహుభార్యత్వాన్ని అనుమతించిందీ ఆ ప్రకటనే. 1890లో సంఘం బహుభార్యత్వాన్ని మానుకునే దారి పట్టింది, నిత్య వివాహాన్ని మాత్రం అలాగే ఉంచుకుంది. బెంగళూరులో ఆలయం కడతామని 2018లో ప్రకటించినప్పుడు మా బంధువులు సంబరపడింది ఆలయంలోనే జరిగే ఈ సీలింగ్ కోసమే. వాళ్లతో మాట్లాడాల్సింది సొలొమోను గురించో, లాడ్జి గురించో కాదు. ఆ 1843 ప్రకటన గురించి, అందులో సగం ఉంచుకుని సగం ఎందుకు వదిలేశారన్నదాని గురించి.