గుట్టల మీద లైట్ స్టాండ్లు: రెండు చక్రాల ట్రాలీ చాలాకాలం వాడాక

చక్రం చిన్నదైతే మిగతా ఫీచర్లేవీ చూడక్కర్లేదు. ఖాజాగూడ గుట్టల్లో, గండిపేట ఒడ్డున, అనంతగిరి దారుల్లో ప్రీ వెడ్డింగ్ షూట్లకు లైట్లు తీసుకెళ్ళీ తీసుకెళ్ళీ చివరికి నేను తేల్చుకున్నది ఇదే. స్టూడియోలో టైల్స్ మీద నున్నగా జారే చక్రాల స్టాండు చూసి, ఔట్‌డోర్‌లోనూ ఇలాగే పోతుందిలే అనుకునేవాళ్ళు చాలామంది. డబ్బు పెట్టేముందు ఇది చదవండి.

ముందు నేను ఏం మోస్తానో చెప్తాను. నలభై అంగుళాల స్టీలు సీ స్టాండ్లు (సినిమా షూటింగుల్లో లైట్లు నిలబెట్టే మూడు కాళ్ళ బరువైన స్టాండ్లు) రెండు. నలభై అంగుళాలన్నది నిలువు పైపు లెక్క, కాళ్ళతో కలిపితే ఇంకా పొడుగు. అడ్డంగా బిగించే చేతులూ, వాటిని పట్టి ఉంచే గ్రిప్ హెడ్లూ కలుపుకుంటే ఒక్కోటి ఆరేడు కిలోలు. 600 వాట్ సెకన్ల (ఫ్లాష్ శక్తి కొలత) బ్యాటరీ ఫ్లాష్ లైటు ఒకటి, సుమారు 3 కిలోలు. 120 సెంటీమీటర్ల ఆక్టా సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని మెత్తబరిచే ఎనిమిది మూలల గుడ్డ పెట్టె), రిఫ్లెక్టరు, ఖాళీ ఇసుక సంచులు, నీళ్ళ క్యాను, అమ్మాయి వాళ్ళ బట్టల బ్యాగు (అది ఎప్పుడూ మన లెక్కలో ఉండదు, కానీ చివరికి మన బండి మీదికే వస్తుంది). అన్నీ కలిపితే నలభై కిలోలు తేలిగ్గా దాటుతుంది. కారు ఆపిన చోటు నుంచి ఫ్రేము పెట్టే చోటుకి దారి అంటూ ఏదీ ఉండదు. బండలు, మొరం, మధ్యమధ్యలో దుబ్బ.

సీ స్టాండు కాళ్ళకు తగిలించే మూడు చిన్న చక్రాల సెట్లు మార్కెట్లో దొరుకుతాయి. వాటి గురించి ఎక్కువ రాయను. చక్రం ఎత్తులో సగమంత రాయి అడ్డొస్తే దాన్ని ముందుకి ఎంత లాగినా ఎక్కదు, ఎత్తాల్సిందే. నాలుగంగుళాల చక్రానికి ఆ హద్దు రెండంగుళాలు. అసలు అంత దాకా కూడా పోనక్కర్లేదు. ఆగి ఉన్న నాలుగంగుళాల చక్రాన్ని ఒక అంగుళం రాయి ఎక్కించాలంటే దాని మీదున్న బరువుకి ఒకటిన్నర రెట్లకు పైనే బలం పెట్టి లాగాలి. అంటే ఎత్తి అవతల పెట్టడమే సుఖం. అదే రాయికి పదంగుళాల చక్రమైతే బరువులో ముప్పాతిక వంతు బలం సరిపోతుంది. ఇది గట్టి చక్రం లెక్క. గాలి టైరయితే రాయి దగ్గర కాస్త లోపలికి నొక్కుకుంటుంది కాబట్టి ఇంకా తేలిక. హైదరాబాద్ గ్రానైటు వయసు 250 కోట్ల ఏళ్ళు అంటారు. దాని మీద ఈ చిన్న ప్లాస్టిక్ చక్రాలు దొర్లించాలనుకోవడం మన ధైర్యం.

తర్వాత నాలుగు చక్రాల ఫోల్డింగ్ బండి. గుడ్డ తొట్టి, ముందు హ్యాండిల్, మడిస్తే డిక్కీలో పట్టేస్తుంది. రిసార్టు లాన్లకు, ఫామ్‌హౌసులకు నిజంగా బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ గుట్ట ఎక్కగానే దాని లోపాలు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. ముందు చక్రాలు రెండూ గిరగిరా తిరిగే రకం. బండల సందులో ఒకటి అడ్డం తిరిగిందంటే బండి మొత్తం అక్కడే ఆగిపోతుంది. వెనక నుంచి ఒకరు ఎత్తాలి, ముందు నుంచి ఒకరు లాగాలి. మడిచిన సీ స్టాండు పొడవు నాలుగడుగులు దాటుతుంది, తొట్టి పొడవు మూడడుగులు. అందుకని స్టాండ్లు ముందుకో వెనక్కో పొడుచుకొచ్చి, దారిలో ప్రతి కొమ్మకీ తగులుతుంటాయి. లేబుల్ మీద వేసే కిలోల లెక్క చదును నేల మీదిది. గతుకుల్లో ఆ బరువంతా ఒక్కసారి ఒకే చక్రం మీద పడుతుంది.

ఇక నేను ఇప్పటికీ వాడుతున్నది గోడౌన్లలో బస్తాలు తోసే రకం రెండు చక్రాల ట్రాలీ. రెడీమేడ్ కాదు. చక్రాలు, ఇరుసు రాణిగంజ్‌లో కొని, ఇనప పైపులతో ఫ్రేము వెల్డింగ్ చేయించాను. కూలీతో కలిపి ఆ ఫోల్డింగ్ బండి కంటే తక్కువలోనే అయింది. చక్రాలు పదంగుళాలు, టైరు మీద 3.50-4 అని ఉంటుంది, లోపల ట్యూబు. ఇరుసు 20 మిల్లీమీటర్లు, దానికి 6204 బేరింగులు. ఈ నంబరు గుర్తుపెట్టుకోండి, ఏ బేరింగుల షాపులో అడిగినా ఇస్తారు. రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నవే తీసుకోండి. మన ఎర్ర దుబ్బ పిండిలా మెత్తగా ఉంటుంది, సీలు లేని బేరింగులోకి దూరిందంటే కొన్నాళ్ళకే కరకరమంటుంది. చవక చక్రాల్లో బేరింగు బదులు ప్లాస్టిక్ బుష్ (ఉత్త గొట్టం ముక్క) పెడతారు, వాటి జోలికి పోవద్దు.

రెండు చక్రాలే ఎందుకంటే, వెనక్కి వంచగానే బరువు ఇరుసు మీద నిలబడుతుంది, చేతుల మీద కొంచెమే పడుతుంది. బండ అడ్డొస్తే వెనక్కి తిరిగి, మెట్టు ఎక్కించినట్టు ఒక్క గుంజు గుంజితే ఎక్కేస్తుంది. గతుకుల్లో ఎప్పుడూ లాగాలి, తొయ్యకూడదు. లాగేటప్పుడు చెయ్యి కాస్త పైకి ఎత్తి లాగుతాం కాబట్టి చక్రం మీద భారం తగ్గుతుంది. తోస్తే అదే బలం చక్రాన్ని నేలలోకి నొక్కుతుంది, దుబ్బలో అయితే అక్కడికక్కడే కూరుకుపోతుంది.

కృష్ణానగర్ నుంచి లైట్లతో పాటు వచ్చే లైట్‌మన్ ఒకాయన దీన్ని చూసి, "అన్నా, బండి మంచిగనే ఉంది గానీ గుట్ట మీద పక్కకి ఒరిగితే నువ్వే పట్టుకోవాలె" అన్నాడు. నిజమే. పక్క వాలులో పోయేటప్పుడు పొడుగు సామాను ఒరిగిపోవడమే దీని పెద్ద బలహీనత. చక్రాల మధ్య ఎడం పెంచితే ఒరగదు, కానీ బండల సందుల్లో దూరదు. అందుకే నాది ఒకటిన్నర అడుగు దగ్గర ఆపేశాను. బదులుగా బరువు కిందికి దించాను. సీ స్టాండు కాళ్ళ సెట్టు ఊడదీసే రకం కొనుక్కుంటే ఈ పని తేలిక: కాళ్ళు కింద ప్లేటు మీద, లైటు బ్యాగు వాటి పైన, నిలువు పైపులు ఫ్రేముకి ఆనించి రాట్చెట్ బెల్టుతో (మరతో లాగి బిగించే పట్టీ) రెండు చోట్ల కట్టాలి. ఎలాస్టిక్ తాళ్ళు వద్దు, గతుక్కి ఒకసారి సాగి వదులవుతూ చివరికి పైపులన్నీ జారిపోతాయి. లైటు హెడ్డు మాత్రం ఎప్పుడూ ఫోము బ్యాగులోనే. స్టాండుకి బిగించి ఈడ్చుకెళ్తే అదురుకి నాబులు వదులవుతాయి, ఫ్లాష్ ట్యూబు గాజుదన్న సంగతి కూడా గుర్తుండాలి.

పంక్చర్ల సంగతి. శివార్లలో ఎక్కడ చూసినా తుమ్మ. ఎండిన ముల్లు ఈ పల్చటి టైరులోంచి నేరుగా ట్యూబులోకి దిగుతుంది. ట్యూబులోకి పంక్చర్ జెల్ పోయించాక చాలావరకు తగ్గింది. గాలి ఎక్కువ కొట్టకండి. టైరు మీద రాసిన గరిష్ఠంలో సగానికి కాస్త పైన ఉంటే రాళ్ళ మీద మెత్తగా పోతుంది. బంకులో పెద్ద కంప్రెసరుతో మాత్రం కొట్టించొద్దు. ఇంత చిన్న ట్యూబులోకి క్షణంలో గాలి నిండిపోతుంది, పగిలినా పగులుతుంది. సైకిలు పంపు చాలు. వాల్వు నిటారుగా ఉంటే చిన్న రిమ్ములో పంపు మూతి పట్టదు, వంపు వాల్వు ఉన్న ట్యూబు అడిగి తీసుకోండి. షాపువాడు అవసరం లేదంటాడు, ఉంది.

ట్రాలీ పని స్టాండుని చేర్చడం వరకే. నిలబెట్టాక కింద చక్రం ఉండకూడదు. ఆక్టా వైశాల్యం దాదాపు ఒక చదరపు మీటరు. గంటకు 30 కిలోమీటర్ల గాలి దాని మీద సుమారు 5 కిలోల బలంతో నెడుతుంది. గాలి రెట్టింపైతే ఆ బలం నాలుగింతలు. ఎనిమిదడుగుల ఎత్తులో ఆ నెట్టుడికి కింద పది కిలోల సంచి ఒక్కటి ఏ మూలకీ చాలదు. ఖాజాగూడ పైన సాయంత్రం గాలి లేస్తే నేను ఆక్టా తీసేసి, లైటు ముందు బిగించే చిన్న రేకు గిన్నె, అదే రిఫ్లెక్టర్ డిష్షుతో పని కానిస్తాను. లైటు కాస్త కఠినంగా పడుతుంది, పెళ్ళికొడుకు తల మీద స్టాండు పడదు. సంచి మూడింట్లో అన్నిటికంటే ఎత్తుగా ఉన్న కాలు మీద, నేలకి తగలకుండా వేలాడాలి. లైటు బరువు ఆ పెద్ద కాలు వైపే రావాలి. ఇసుక సంచులు ఇంటి నుంచి నింపుకుని మోయడం ఎందుకో నాకు అర్థం కాదు. జిప్పు సంచులు ఖాళీగా తీసుకెళ్ళి అక్కడి దుబ్బే నింపితే పోతుంది.

స్టాండు కొంటే ఒక కాలు పైకీ కిందికీ జరిగే రకమే కొనండి. వాలు బండ మీద ఆ కాలుని ఎగువ వైపు పెట్టి, మిగతా రెండూ ఆనుకున్నాక దాన్ని జారుస్తూ కాలమ్ (నడిమి నిలువు పైపు) నిటారుగా వచ్చేదాకా సర్ది బిగిస్తే సరి. ఇది లేని స్టాండు కింద రాళ్ళు పేర్చి నిలబెట్టేవాళ్ళని రోజూ చూస్తుంటాను, చూస్తేనే టెన్షన్. షాటుకి షాటుకి మధ్య నాలుగడుగులు జరపాలన్నా లైటుని కిందికి దించి, సంచి తీసి, కాలమ్‌ని ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తి నడవాలి, ఇంకొకరు సాఫ్ట్‌బాక్స్ పట్టుకోవాలి. ఒక్కడివే ఉంటే జరపకు, జంటనే జరుగమను.

వానాకాలంలో చేవెళ్ళ దాటాక నల్లరేగడి పొలాల్లో ఈ ట్రాలీ కూడా పనిచెయ్యదు. మట్టి టైరుకి చుట్టుకుని ఫ్రేముకి పట్టేస్తుంది, పది అడుగులకోసారి పుల్లతో గీకాలి. అక్కడ భుజాలే దిక్కు. గోల్కొండ కోసమైతే ట్రాలీ కంటే ముందు కేంద్ర పురావస్తు శాఖ అనుమతి గురించి చూసుకోండి, ట్రైపాడ్లూ స్టాండ్లూ ఊరికే లోపలికి రానివ్వరు.

బైకు మీద తిరిగేవాళ్ళకి ఇది పనికిరాదు, ఆటోలోకైతే అడ్డంగా పడుతుంది. ట్యూబు గొడవ వద్దనుకుంటే ఫోము నింపిన టైర్లు ఉన్నాయి. నా దగ్గర పనిచేసే తమ్ముడి ట్రాలీకి అవే వేయించాం. పంక్చర్ అన్న మాటే లేదు, కానీ బండల మీద ఎగిరెగిరి పడుతుంది, లైటు బ్యాగు దాని మీద పెట్టడానికి నాకు మనసొప్పదు. అందుకని స్టాండ్లూ సంచులూ వాడి బండి మీద, లైట్లు నా బండి మీద వెళ్తున్నాయి.