ఇంట్లోంచే ఈ-వీసానా, హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలా?

హన్మకొండ నుంచి వీసా పనంటే పొద్దున్నే కాజీపేటలో రైలెక్కడమే అనుకునేదాన్ని. వియత్నాంకు ఆ తిప్పలు లేవు, ఫోన్‌లో ఆన్‌లైన్‌లోనే ఈ-వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. పాస్‌పోర్ట్ ఫొటో పేజీ స్కాన్, కళ్లజోడు లేని ఫొటో, కార్డుతో 25 డాలర్లు ఉంటే చాలు. ఒకసారి వెళ్లిరావడానికి 90 రోజుల వరకు ఇస్తారు.

కాకపోతే, తప్పు చేస్తే చెప్పేవాళ్లుండరు. నేను ఇంటిపేరు, పేరు తారుమారుగా నింపి నొక్కేశాను. కట్టిన డబ్బు వాపసు రాదు, మళ్లీ 25 డాలర్లు! పైగా సర్కారు సైటులాగే కనిపించే దళారీ సైట్లు కొన్ని ఎక్కువ గుంజుతాయి. అడ్రస్ చివర 'గవ్ డాట్ వీఎన్' ఉందో లేదో చూసుకోండి.

యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా వేరు. పెద్దలకు ఫీజే 90 యూరోలు. ఎంబసీ గడప తొక్కక్కర్లేదు గానీ, బ్యాంకు స్టేట్‌మెంట్ల కట్ట పట్టుకుని హైదరాబాద్‌లోని వీసా దరఖాస్తు సెంటర్‌కు పోయి వేలిముద్రలు ఇవ్వాలి. వ్యవసాయం చేసిన మా నాన్న వేళ్లు అరిగిపోయి, నాలుగోసారికి గానీ మిషన్ మీద ముద్ర పడలేదు. ఒకసారి ఇస్తే మాత్రం ఆ ముద్రలు 59 నెలలు పనికొస్తాయి. కౌంటర్‌లో ఏ కాగితం తక్కువైందో అక్కడికక్కడే చెప్పారు. నాన్నతో వెళ్తే నాకు అదే తక్కువ టెన్షన్. ఒక్కదాన్నే అయితే ఫోనే చాలు.