అమెరికాకు పచ్చళ్లు పంపిన పార్సిల్ సర్వీసు: ఒక సమీక్ష

విజయవాడలో మేముండే పేటలో అమెరికాకు పచ్చళ్లు, పిండివంటలు, బట్టలు పంపించే పార్సిల్ సర్వీసులు రెండున్నాయి. రెండింటి బోర్డుల మీదా అదే విమానం బొమ్మ, అదే డోర్ డెలివరీ హామీ. ధరలు కూడా ఇంచుమించు ఒకటే. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉంటున్న మా అమ్మాయికి ఒక వేసవిలో మొదటిదాని ద్వారా, మరుసటి వేసవిలో రెండోదాని ద్వారా ఆవకాయ, కందిపొడి, సున్నుండలు పంపించాను. ఈ సమీక్ష రెండోదాని గురించి. మొదటిది పోలిక కోసమే మధ్యలో వస్తుంది, దాని పేరు చెప్పదలచుకోలేదు.

ఈ రెండో ఆఫీసులో అడుగుపెట్టిన ఎవరికైనా మొదట కలిగేది విసుగే. రెండు అట్టపెట్టెలు అప్పగించి రసీదు తీసుకోవడానికి నాకు గంటా పది నిమిషాలు పట్టింది. కౌంటరులోని అమ్మాయి నా ఆధార్ కార్డు తీసుకుని, దాని మీది చిరునామా, నేను ఇప్పుడుంటున్న చిరునామా ఒకటేనా అని అడిగింది. మా అమ్మాయి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా రాయించుకుంది. అపార్ట్‌మెంట్ నంబరు లేకపోతే బిల్లు కొట్టనని చెప్పి, నాచేత అక్కడి అర్ధరాత్రి వేళ ఫ్రిస్కోకు ఫోను చేయించింది. అంతా అయ్యాక, పెట్టెలో ఏమున్నాయంటే "తినుబండారాలు" అన్నాను. "అంకుల్, ఫుడ్ ఐటమ్స్ అని రాస్తే కుదరదండీ, ఒక్కొక్కటీ చెప్పండి" అంది. నూనెలో ఊరిన మామిడికాయ పచ్చడి అరకిలో ప్యాకెట్లు నాలుగు, వేయించిన కందిపప్పు పొడి రెండు, మినప సున్నుండలు ఒక డబ్బా, నూలు చీరలు రెండు అని విడివిడిగా రాసుకుంది.

శంషాబాద్ కార్గో టెర్మినల్ పరిసరాల్లో ఒక కస్టమ్స్ బ్రోకరు దగ్గర కొన్నేళ్లు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక, ఆ ప్రశ్నలు ఎక్కడినుంచి వస్తున్నాయో నాకు కాస్త తెలుసు. 2010 అక్టోబరు నెలాఖరులో యెమెన్ రాజధాని సనా నుంచి చికాగో చిరునామాలతో బయలుదేరిన రెండు పార్సిళ్లలో, ప్రింటర్ల ఇంకు పొడి కార్ట్రిడ్జుల లోపల పేలుడు పదార్థం దొరికింది. ఒకటి దుబాయిలోను, ఒకటి ఇంగ్లండులోని ఈస్ట్ మిడ్‌లాండ్స్ విమానాశ్రయంలోను పట్టుబడ్డాయి. సౌదీ గూఢచార వర్గాలు ముందుగా సమాచారం అందించడం వల్లే అవి దొరికాయి. ఇంగ్లండులోని పెట్టెనైతే, ఉందని చెప్పి వెతికించినా మొదటి తనిఖీలో పట్టుకోలేకపోయారు. వేల పెట్టెల మధ్య ఒక పెట్టెను యంత్రం పట్టలేకపోయినా, దాన్ని ఎవరు ఎవరికి పంపుతున్నారో, ఏమని చెప్పి పంపుతున్నారో చూస్తే అనుమానం కలగవచ్చునన్న ఆలోచన అప్పుడు బలపడింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా కస్టమ్స్, రవాణా భద్రతా విభాగాలు కలిసి ఏకాస్ అనే ముందస్తు పరిశీలన పద్ధతిని ప్రయోగాత్మకంగా ప్రారంభించి, 2018 జూన్‌లో తప్పనిసరి చేశాయి.

అంతకుముందు కూడా విమాన సంస్థలు సరుకుల వివరాలను అమెరికాకు పంపేవి. అయితే 2002 నాటి వాణిజ్య చట్టం ప్రకారం వచ్చిన ఆ నిబంధనలో, దూరప్రాంతాల నుంచి వచ్చే విమానం అమెరికాలో దిగడానికి నాలుగు గంటల ముందు చెబితే సరిపోయేది. గాలిలో ఉన్న విమానంలోని పెట్టె గురించి నాలుగు గంటల ముందు తెలిసి ప్రయోజనమేమిటన్న ప్రశ్న యెమెన్ ఘటన తర్వాత గట్టిగా వినిపించింది. ఏకాస్ ప్రకారం, పెట్టెను విమానంలోకి ఎక్కించక ముందే ఆరు వివరాలు చేరాలి: పంపేవారి పేరు, చిరునామా; అందుకునేవారి పేరు, చిరునామా; సరుకు వర్ణన; బయటి పెట్టెల సంఖ్య; బరువు; ఎయిర్ వేబిల్, అంటే విమాన సరుకు రవాణా పత్రం, నంబరు. వాటిని చూసి అక్కడివాళ్లు సరేననవచ్చు, మరిన్ని వివరాలు అడగవచ్చు, ప్రత్యేకంగా స్క్రీనింగ్ చేయమనవచ్చు, అరుదుగా ఎక్కించవద్దని ఆజ్ఞాపించవచ్చు. జవాబుదారీ విమాన సంస్థదే అయినా, ఆ ఆరు గడుల్లో పడే అక్షరాలు మాత్రం మన పేటలోని కౌంటరు దగ్గర పుడతాయి. అందుకే ఇలాంటి సర్వీసును తూచవలసింది ధరతో కాదు, అక్కడ రాసే వర్ణనతో అని నా అభిప్రాయం.

మొదటి ఆఫీసులో ఈ పని పది నిమిషాల్లో ముగిసింది. టీ కూడా ఇచ్చారు. రెండు పెట్టెలను ఒక గోనెలో వేసి కుట్టి సంఖ్య ఒకటి అని రాశారు. వర్ణన గడిలో గిఫ్టు అన్నారు. పంపేవారి గడిలో నా పేరుకు బదులు వాళ్ల దుకాణం పేరే వేసుకున్నారు. ఇరవైమంది పెట్టెలను కలిపి ఒక మాస్టర్ వేబిల్ కింద పంపేటప్పుడు ఆ బిల్లు మీద ఏజెంటు పేరు ఉండటం మామూలే గానీ, దాని కింద ఒక్కొక్కరికీ విడిగా ఉండే హౌస్ వేబిల్ మీద అసలు పంపేవారి పేరే ఉండాలి, ఎందుకంటే ముందస్తు పరిశీలన ఆ స్థాయిలోనే జరుగుతుంది. మా అమ్మాయిని ఇంట్లో చిన్ని అని పిలుస్తామని మాటల్లో నేను చెప్పిన పాపానికి, అందుకునేవారి పేరు చిన్ని అయింది. అన్నీ తెలిసిన నేను ఎందుకు ఊరుకున్నానంటే, వాళ్లు కిలోకు ముప్పై రూపాయలు తగ్గించారు. ఐదో రోజున ఫోను చేసి, పెట్టెలో ఏమున్నాయి, చిన్ని పూర్తి పేరేమిటి, ఇంటి నంబరెంత అని, మొదటి రోజున అడగవలసిన ప్రశ్నలే అడిగారు. పార్సిల్ అప్పటికింకా హైదరాబాదు దాటలేదు. మొత్తం ఇరవై రెండు రోజులు పట్టింది. సున్నుండలు ముక్కిపోయిన వాసన వేస్తున్నాయని అమ్మాయి చెప్పింది.

మళ్లీ రెండో ఆఫీసుకు వస్తే, నాకు బాగా నచ్చిన ప్రశ్న ఒకటుంది. ప్రతి వస్తువు దగ్గరా "ఇంట్లో చేసినదా, కొన్నదా?" అని అడిగారు. మా ఆవిడ చేతివంట మీద ఆసక్తి అనుకుని సంతోషించాను గానీ సంగతి వేరు. 2002లోనే వచ్చిన అమెరికా బయోటెర్రరిజం చట్టం ప్రకారం, ఆ దేశంలోకి వచ్చే ఆహార పదార్థాల గురించి అక్కడి ఆహార, ఔషధ పరిపాలన సంస్థకు ముందస్తు నోటీసు వెళ్లాలి. ఒక వ్యక్తి తన ఇంట్లో స్వయంగా తయారుచేసి సొంత కానుకగా పంపే ఆహారానికి మాత్రం దాని నుంచి మినహాయింపు ఉంది. అందువల్ల మా ఆవిడ పెట్టిన ఆవకాయను ఒక పెట్టెలోను, బజారులో కొన్న కందిపొడిని దాని తయారీదారు పేరు, చిరునామా రాసుకుని మరో పెట్టెలోను సర్దారు. ఈ విడదీతను నేను పనిచేసిన చోట కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

బరువు విషయంలోనూ వీరిది నిజాయితీ. 50, 35, 40 సెంటీమీటర్ల కొలతలున్న పెట్టె కాటా మీద 11 కిలోలే తూగినా, పెట్టె ఆక్రమించే చోటును బట్టి, మూడు కొలతలను గుణించి 5000తో భాగించే కొరియర్ లెక్కలో 14 కిలోలయింది. డబ్బు 14 కిలోలకే తీసుకున్నారు, అది ఈ వ్యాపారంలో రివాజే. రసీదు మీద మాత్రం రెండు బరువులనూ వేరువేరుగా ముద్రించి, వేబిల్‌లో అసలు బరువునే చూపించారు. వసూలు చేసిన బరువునే అసలు బరువుగా పంపేస్తే, టెర్మినల్ కాటా దగ్గర మూడు కిలోల తేడా కనబడి పెట్టె పక్కకు పోతుంది.

లోపాలు లేకపోలేదు. ఇన్ని ప్రశ్నలు ఎందుకో ఒక్క ముక్క కూడా వివరించరు. నా ముందు నిలబడిన పెద్దావిడ, ఆధార్ కార్డు ఇవ్వాలనగానే భయపడి పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది. గోడకు ఒక కాగితం అంటించి ఉంటే ఆమె ఆగేది. పచ్చడి సీసా ఒకటి ఇంట్లో మరచిపోయానని గంట తర్వాత తిరిగివస్తే, సీలు వేసిన పెట్టె తెరవడానికి ఒప్పుకోలేదు. అది న్యాయమే, రాసుకున్న వివరాలూ బరువూ మారిపోతాయి కాబట్టి. కానీ ఆ మాట సీలు వేసేముందే హెచ్చరించవచ్చు. స్క్రీనింగ్ ఖర్చు అంటూ విడిగా తీసుకున్న మొత్తం కౌంటరులో చెప్పిన ధరలో లేదు, బిల్లు చేతికొచ్చాకే తెలిసింది. ట్రాకింగ్‌లో మూడు రోజులపాటు సెక్యూరిటీ అన్న ఒక్క మాటే కనిపించింది. ఎక్స్‌రే తెర మీద పేలుడు పదార్థాలూ ఆహార పదార్థాలూ ఒకే నారింజ రంగులో కనిపిస్తాయని, చిక్కగా ప్యాక్ చేసిన ఆవకాయను చూసి ఆపరేటరు రెండోసారి చూడటంలో ఆశ్చర్యం లేదని తెలిసిన నాకు దిగులు కలగలేదు గానీ, తెలియనివారికి ఆ మూడు రోజులు నిద్ర పట్టదు.

జర్మనీలో ఉన్న మా మేనల్లుడికి బట్టలు పంపుదామని తర్వాత అదే కౌంటరుకు వెళితే, ప్రతి వస్తువుకూ ఆరు అంకెల హెచ్‌ఎస్ కోడు, అంటే కస్టమ్స్‌వాళ్లు సరుకు రకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య, కావాలన్నారు. ఐరోపా సమాఖ్య ఐసీఎస్2 అనే తన ముందస్తు పద్ధతిని 2021 మార్చిలో ఎక్స్‌ప్రెస్, తపాలా పార్సిళ్లకు, 2023 మార్చిలో మొత్తం విమాన సరుకులకు వర్తింపజేసింది. అక్కడ అస్పష్టమైన వర్ణన అయితే నమోదు దశలోనే తిరస్కరణ. కోడు వాళ్లే చూసి వేశారు, దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు.

ఫ్రిస్కోకు పంపిన రెండు పెట్టెలూ తొమ్మిదో రోజున చేరాయి. ఒక పెట్టె మూల కొద్దిగా నలిగింది, టేపు మీద తనిఖీ ముద్ర ఉంది, నూనె ఒక్క చుక్క కారలేదు. ఐదుకు నాలుగు ఇస్తాను. స్క్రీనింగ్ ఖర్చు ముందే చెప్పి ఉంటే ఆ ఐదోది కూడా ఇచ్చేవాణ్ణి.