చేపల వ్యాన్‌లో కింద ఏం వేయాలి: రబ్బరు మ్యాటా, ఫైబర్ కోటింగా?

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల ట్రేలు ఎత్తే వ్యాన్‌ని తినేసేది వాటి నుంచి కారే ఉప్పు నీళ్లే.

ఖర్చు: మ్యాట్ చవక, అప్పటికప్పుడు పరిచేయొచ్చు. ఫైబర్‌కి డబ్బు ఎక్కువ, పూత ఆరేదాకా బండి ఆగాలి.

శ్రమ: మ్యాట్‌ని రోజూ ఎత్తి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఫైబర్‌కి పైపు పెడితే చాలు.

రిస్క్: మ్యాట్ కింద ఇసుక చేరితే ఉప్పుకాగితంలా పెయింట్‌ని గీకేస్తుంది, మా బండిలో ఎత్తి చూస్తే సీటు బోల్టు చుట్టూ తుప్పు పెచ్చులుగా లేచొచ్చింది. ఫైబర్ పగిలినా, తుప్పు మీదే వేసినా లోపల తినేయడం పైకి కనిపించదు, నాకు అదే ఎక్కువ భయం.

అప్పుడప్పుడూ బీచ్‌కి వెళ్లే బండికి మ్యాట్ చాలు. రోజూ చేపలు తోలితే తుప్పంతా గీకించి, ప్రైమర్ కొట్టించి ఫైబరే వేయించండి, నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూయనివ్వకండి.