బ్రిటిష్ మెడల్ కార్డు: అరచేతి కాగితం ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ పతకాలు సేకరించేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు లండన్ క్యూ ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌తో (ప్రభుత్వ దస్త్రాల భాండాగారం) పని పడుతుంది. ఆ పతకాల మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, రెజిమెంటు కొట్టి ఇచ్చారు కాబట్టి మనిషిని వెతకొచ్చు. ఆర్మీవాళ్లకైతే మొదట చూడాల్సింది మెడల్ ఇండెక్స్ కార్డు, అంటే ఎవరికి ఏ పతకం రావాలో రాసుకున్న చిన్న కార్డు. ఆర్కైవ్స్‌లో ఇవి డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 372 వరసలో ఉంటాయి. కార్డులు యాభై లక్షల పైమాటే. వాటిని డిస్కవరీ అనే ఆర్కైవ్స్ ఆన్‌లైన్ కేటలాగ్‌లో వెతికి దించుకునే సేవ గురించే ఈ సమీక్ష.

పేరొక్కటే కొట్టి వెతకొద్దు. జె. స్మిత్ అంటే పేజీలకు పేజీలు వచ్చిపడతాయి. ఇంటిపేరు, పతకం అంచు మీది నంబరు కలిపి కొట్టాలి. పేరు, దళం, నంబరు, హోదా కేటలాగ్ వివరణలోనే ఉచితంగా కనిపిస్తాయి, కాబట్టి అంచుతో పోల్చుకున్నాకే డౌన్‌లోడ్ జోలికి వెళ్లండి. నంబరు కలవకపోతే వెంటనే నకిలీ అనుకోనక్కర్లేదు. 1917లో టెరిటోరియల్ ఫోర్స్‌కి (పార్ట్‌టైమ్ స్వచ్ఛంద దళం) నంబర్లు మార్చారు, పదాతిదళంలో చాలామందికి ఆరంకెలవి వచ్చాయి. నాలుగంకెల నంబరున్న స్టారూ (యుద్ధం మొదట్లోనే వెళ్లినవాళ్లకిచ్చిన పతకం), ఆరంకెల నంబరున్న జోడీ పతకాలూ (బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్) ఒకే మనిషివి కావచ్చు.

దిగే బొమ్మ చూసి కొత్తవాళ్లు కాస్త నిరాశపడతారు. మైక్రోఫిష్ (కాగితాల్ని చిన్నగా ఫొటో తీసిన ఫిల్ము రేకు) నుంచి తీసిన నలుపు తెలుపు స్కాన్ అది. ఒక పేజీలో ఆరు కార్డులుంటాయి, మనకి కావాల్సింది అందులో ఒకటి. మిగతా అయిదూ అక్షర క్రమంలో పక్కనున్నవాళ్లవి. ఎర్ర సిరా, నల్ల సిరా తేడా తెలియదు, సన్నటి పెన్సిల్ రాత కొన్నిచోట్ల పూర్తిగా మాయం.

ఇక అసలు విలువంతా ఆ కార్డు చదవడంలోనే ఉంది. ఎడమవైపు విక్టరీ, బ్రిటిష్, స్టార్ అని గళ్లుంటాయి, వాటికెదురుగా రోల్ (పతకాలు అందుకున్నవాళ్ల జాబితా), పేజీ నంబర్లు. విక్టరీ మెడల్ వచ్చిన ప్రతివాడికీ బ్రిటిష్ వార్ మెడల్ కూడా వచ్చింది. దానికి తిరుగుమాట మాత్రం నిజం కాదు. యుద్ధరంగంలో అడుగుపెట్టకుండా పరాయి దేశంలో పనిచేసినవాళ్లకి బ్రిటిష్ ఒక్కటే దక్కింది. కాబట్టి కార్డులో విక్టరీ గడి ఖాళీగా ఉండి, అమ్మేవాడి చేతిలో మాత్రం జోడీ ఉందంటే, రెండోది ఎక్కడినుంచో తెచ్చి కలిపిందే.

స్టార్ విషయంలో కింద ఉన్న తేదీ చూడాలి. యుద్ధరంగంలోకి మొదట దిగిన రోజది. 1914 స్టార్ 1914 ఆగస్టు 5 నుంచి నవంబర్ 22 మధ్య ఫ్రాన్స్, బెల్జియంలో ఉన్నవాళ్లకి. 1914-15 స్టార్ 1915 డిసెంబర్ 31 లోపు ఏదో ఒక యుద్ధరంగంలో దిగి, ముందుది రానివాళ్లకి. తేదీ గడి ఖాళీ అంటే సాధారణంగా 1916లోనో ఆ తర్వాతో వెళ్లాడని అర్థం. అలాంటి కార్డుకి ఎదురుగా మూడు పతకాల సెట్టు పెడితే స్టార్ వెనక అక్షరాలు భూతద్దంతో చూడాల్సిందే. తేదీ పక్కన 1 అని ఉంటే ఫ్రాన్స్, 2బి అని ఉంటే టర్కీలోని గల్లిపోలి. శత్రువు కాల్పుల కింద పనిచేసినవాళ్లకి 1914 స్టార్ మీద ఒక బార్ ఇచ్చారు, కానీ అది అడిగి తీసుకోవాల్సి ఉండేది. ఈ బార్ నకళ్లు విపరీతంగా తిరుగుతున్నాయి. కార్డులో క్లాస్ప్ (బార్‌కి ఇంకో పేరు) అన్న మాట లేకపోతే దానికి అదనంగా డబ్బు పెట్టొద్దు.

హోదాలు తేడాగా ఉంటే ఖంగారు అవసరం లేదు. స్టార్ మీద దిగిన రోజు హోదా, జోడీ మీద తర్వాత అందుకున్నది ఉండటం మామూలే. కార్డులో రెండు మూడు రెజిమెంట్లుంటే, సాధారణంగా యుద్ధరంగంలోకి మొదట దిగినప్పటిదే పతకం మీద ఉంటుంది.

ఒక్క సంగతి ఏ కార్డూ చెప్పలేదు: మీ చేతిలో ఉన్న పతకం మీది పేరు అప్పట్లో కొట్టిందేనా అని. బ్రిటిష్ వార్ మెడల్ వెండిది, 36 మిల్లీమీటర్లు. పాత పేరు అరగదీసి కొత్తది కొడితే అంచు పల్చబడుతుంది. వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం)తో నాలుగైదు చోట్ల కొలిస్తే దొరికిపోతుంది. కార్డులో చూసి పేరు కొట్టే మోసగాడికి కూడా ఇదే కేటలాగ్ అందుబాటులో ఉందని మరిచిపోకూడదు. చనిపోయినవాళ్ల కుటుంబాలకిచ్చిన 120 మిల్లీమీటర్ల కంచు ఫలకం మీద పేరు తప్ప నంబరు, హోదా ఉండవు కాబట్టి, అరుదైన పేరైతే తప్ప కార్డు దానికి అక్కరకు రాదు.

మనిషి జీవితం తెలుసుకోవాలనుకునేవాళ్లకి ఈ సేవ చాలదు. అసలు సర్వీసు కాగితాల్లో సగానికి పైగా 1940 సెప్టెంబర్ బాంబు దాడిలో కాలిపోయాయి. ఆస్ట్రేలియా తన బి2455 వరసలో, కెనడా తన దండయాత్రా దళపు ఫైళ్లలో ఒక్కొక్కరి దస్త్రాన్ని మొత్తంగా ఉచితంగా ఇస్తున్నాయి: వైద్య పరీక్ష, సెలవులు, శిక్షలతో సహా. ఫ్రాన్స్ వాళ్ల లియోనోర్ అనే ఆన్‌లైన్ దస్త్రాల నిధి కూడా ఉచితమే, కానీ అది లెజియన్ ద ఆనర్ (ఫ్రెంచి గౌరవ పురస్కారం) గ్రహీతలకి, అదీ 1977కి ముందు మరణించినవాళ్లకి మాత్రమే. వాటి ముందు బ్రిటిష్ కార్డు చిన్న చీటీ. ఏ పతకం ఎవరికి రావాలో తేల్చడానికి మాత్రం దీనికి సాటి వచ్చేది లేదు.

రోల్ దాకా వెళ్లాలంటే కార్డులోని పాత రోల్ నంబరుని డబ్ల్యూఓ 329/1 సూచికలో చూసి కొత్త నంబరుకి మార్చుకోవాలి. ఇక ఆఫీసర్లు పతకాలకి దరఖాస్తు పెట్టుకోవాల్సి ఉండేది కాబట్టి వాళ్ల చిరునామా తరచుగా కార్డు వెనక ఉంటుంది. ఆర్కైవ్స్ స్కాన్‌లో ఆ వెనకవైపే లేదు. ఆఫీసర్ల సెట్లు కొనేవాళ్లు రెండు వైపులా రంగుల్లో స్కాన్ చేసిన ఆన్సెస్ట్రీ (వంశవృక్షాల వెబ్‌సైట్) బొమ్మలకే వెళ్లడం మేలు.