వర్కలలో లాప్‌టాప్‌తో: సముద్రానికి కాస్త ఎడంగా ఉండటమే మేలు

వర్కల వెళ్లి పని చేసుకుందాం అనుకునేవాళ్లు ముందు వెతికేది సీ వ్యూ గది. అది సెలవు పెట్టి వెళ్లినప్పటికి దాచుకోండి. లాగిన్ అవ్వాల్సిన రోజులకైతే క్లిఫ్ (సముద్రం ఒడ్డున నిట్టనిలువుగా ఉండే కొండ అంచు) నుంచి ఓ పావుగంట నడకలో, కొబ్బరి చెట్ల మధ్య ఉన్న మామూలు ఇల్లు చూసుకోవడం నయం. రెండు రకాల బసలూ చూశాక చెబుతున్న మాట ఇది.

వర్కల కేరళలో, తిరువనంతపురం జిల్లాలో ఉంది. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రైలు మారకుండా వర్కల శివగిరి స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి క్లిఫ్ దగ్గరికి ఆటోలో వెళ్లడమే. ఎర్రటి కొండ నిట్టనిలువుగా తెగి, కింద ఇసుక, ఆ వెంటనే అరేబియా సముద్రం. పైన లాటరైట్, దాని కింద ఇసుకరాయి, బంకమట్టి పొరలు ఉంటాయి. పైన పడ్డ వాన లోపలికి ఇంకి, బంకమట్టి దగ్గర ఆగిపోయి, ఊటలుగా పక్కకి వస్తుంది. ఆ ఊటలు చూడ్డానికి బాగుంటాయి కానీ, కొండ అంచు విరిగి పడటానికీ ఆ నీళ్లే కారణం. అంచున ఫోటోలు దిగేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

మొదట నార్త్ క్లిఫ్ మీదే దిగాను. అంచు వెంట ఉన్నది కాలిబాట మాత్రమే, బండ్లు రావు. ఆటోవాడు హెలిప్యాడ్ దగ్గర దించేస్తాడు. సూట్‌కేసు, లాప్‌టాప్ బ్యాగు, మానిటర్ ఉంటే అదీ మోసుకుంటూ బట్టల కొట్లూ కెఫేలూ దాటుకుంటూ పోవాలి. గది బాగుంది, బాల్కనీ ఇంకా బాగుంది. ఇక పని విషయానికొస్తే, నాది అమెరికా షిఫ్ట్. చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అంటే మనకి రాత్రి ఏడున్నర. క్లిఫ్ మీద పాటలు ఊపందుకునేది సరిగ్గా అప్పుడే. నేను మ్యూట్ తీసిన ప్రతిసారీ అవతల మేనేజర్ "ఎక్కడున్నావ్, పార్టీలోనా?" అనేవాడు. తలుపులు మూస్తే ఉక్కపోత, తెరిస్తే డీజే.

సూర్యాస్తమయం మాత్రం పనికి అడ్డు రాదు. డిసెంబర్‌లో ఆరు దాటగానే పొద్దు మునుగుతుంది, కాల్ మొదలయ్యేసరికి ఇంకా బోలెడు టైముంటుంది. తూర్పు తీరం వాళ్లం, సముద్రంలోంచి సూర్యుడు రావడమే చూసి పెరిగాం. అందులోకే దిగిపోవడం చూస్తుంటే మొదట్లో కొత్తగానే ఉంటుంది.

కెఫేల్లో కూర్చుని పని చేద్దామా అంటే, పొద్దున పదకొండు దాకా ఫరవాలేదు. ఆ తర్వాత ప్లగ్ పాయింట్ పక్కన టేబుల్ దొరకదు. ఒక కాఫీ పెట్టుకుని మూడు గంటలు కూర్చుంటే వెయిటర్ ఏమీ అనడు కానీ మెనూ మాత్రం మళ్లీ మళ్లీ తెచ్చి పెడతాడు. వాళ్ల వైఫై మెయిళ్లకి సరిపోతుంది, వీడియో కాల్‌కి నమ్ముకోలేం. ధరలు ఊళ్లో హోటళ్లతో పోల్చుకుంటే కళ్లు తిరుగుతాయి.

అక్కడి నుంచి ఒడయం వెనక ఒక ఇంటి పై వాటాకి మారాను. క్లిఫ్ బాట ఉత్తరంగా దిగి నల్ల ఇసుక బీచ్ దాటాక వచ్చేది ఒడయం. ఇంకా పైకి వెళ్తే ఇడవ, ఆ తర్వాత కాప్పిల్. జనం పల్చబడతారు, రాత్రి తొమ్మిదికల్లా అంతా నిశ్శబ్దం. రోజువారీ అద్దె కాకుండా నెలకి ఇంత అని మాట్లాడుకుంటే బాగా తగ్గిస్తారు, కాకపోతే యాప్‌లో కాదు, ఇంటికి వెళ్లి అడగాలి. ఇంటావిడని అందరిలాగే నేనూ చేచి, అంటే అక్క, అనేవాణ్ణి. ఆవిడకి తెలుగు రాదు, నాకు మలయాళం రాదు. ఇద్దరం అరకొర ఇంగ్లీషుతోనూ చేతులతోనూ నెట్టుకొచ్చాం.

గది చూడ్డానికి వెళ్లినప్పుడు "పవర్ బ్యాకప్ ఉందా?" అని అడగకండి. అందరూ ఉందనే చెబుతారు, అది అబద్ధమూ కాదు. కరెంటు పోయిన మొదటి సాయంత్రం నా గదిలో ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, వైఫై మాత్రం లేదు. ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే ఇచ్చారు. రౌటర్ కింద హాల్లో టీవీ వెనక, మామూలు ప్లగ్గులో ఉంది. చేచి వాళ్లబ్బాయి ఇన్వర్టర్ దగ్గర నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ వైరు లాగి, తలుపు సందులోంచి తెచ్చి రౌటర్‌కి పెట్టాడు. ఆ తర్వాత కాల్ తెగలేదు. కాబట్టి అడగాల్సింది "కరెంటు పోతే వైఫై ఉంటుందా?" అని. వీలైతే వాళ్ల ముందే మెయిన్ ఆఫ్ చేయించి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు. రౌటర్‌కి పెట్టుకునే చిన్న యూపీఎస్ దొరుకుతుంది, సామాన్లలో ఒకటి వేసుకోవడం ఇంకా మేలు.

నెట్ స్పీడ్ చూసేటప్పుడు డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోవద్దు, కాల్‌లో మన మొహం ఆగిపోయేది అప్‌లోడ్ తక్కువైనప్పుడే. ఫైబర్ కనెక్షన్ లోపలి వీధుల ఇళ్లలోనూ కనిపిస్తుంది. ఫోన్ సిగ్నల్ క్లిఫ్ మీద బాగుంటుంది, కొండ కింద ఇసుకలోకి దిగితే పడిపోతుంది. బీచ్‌లో లాప్‌టాప్ పెట్టుకున్న ఫోటోలు ఫోటోలకే. ఎండలో స్క్రీన్ కనపడదు, ఉప్పుగాలికి ఛార్జింగ్ పోర్టులు పాడవుతాయి. లాప్‌టాప్‌కి ఏమైనా అయితే త్రివేండ్రం వెళ్లక తప్పదు. రైల్లో గంట లోపే.

గుడి వైపు, అంటే జనార్దనస్వామి ఆలయం, పాపనాశం బీచ్ చుట్టుపక్కల, ఇళ్లు చవకే. అయితే పొద్దున్నే మైకు ఉంటుంది. పితృకర్మలకి వచ్చేవాళ్లతో సందడి. పెందలాడే లేచి పని ముగించేవాళ్లకి పనికొస్తుంది, అమెరికా షిఫ్ట్ వాళ్లకి కాదు. స్టేషన్ దగ్గర మైదానం జంక్షన్ వైపు సౌకర్యాలన్నీ ఉన్నాయి, సముద్రమే లేదు. దానికి ఇంత దూరం రావడం ఎందుకు?

తిండికి లోటు లేదు. పొద్దున పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి), కడల (నల్ల శనగల) కూర. మధ్యాహ్నం మట్ట బియ్యం, అంటే లావుపాటి ఎర్ర బియ్యం, అన్నం, అది అలవాటు కావడానికి కొన్నాళ్లు పట్టింది. హోటళ్లలో లేత గులాబీ రంగు వేడినీళ్లు పెడతారు, కంగారు పడకండి, పతిముగం చెక్క వేసి కాచిన నీళ్లవి. అర్ధరాత్రి కాల్స్ అయ్యాక ఆకలేస్తే రోడ్డు పక్క తట్టుకడలే (టిఫిన్ బండ్లే) దిక్కు. వేడి దోసె, ఆమ్లెట్, ఒక కట్టన్ చాయ (పాలు లేని టీ). క్లిఫ్ మీద ఎంత పెట్టినా ఆ తృప్తి రాలేదు.

ఎప్పుడు వెళ్లాలంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి బాగుంటుంది, మధ్యలో ఆ ఏడాది చివరి వారం తప్పిస్తే. డిసెంబర్ 30 నుంచి జనవరి 1 దాకా శివగిరి తీర్థయాత్ర. 1928లో కన్నుమూసిన సంఘ సంస్కర్త శ్రీనారాయణ గురు సమాధి వర్కలలోని ఆ శివగిరి కొండ మీదే ఉంది. పసుపు బట్టల్లో వచ్చే భక్తులతో స్టేషన్ కిటకిటలాడుతుంది, క్లిఫ్ మీద కొత్త సంవత్సరం జనం వేరే. రైలు టికెట్టూ గదీ రెండూ కష్టమే. జూన్‌లో వానలు మొదలయ్యాక అద్దెలు పడిపోతాయి, క్లిఫ్ మీద చాలా కెఫేలు మూసేస్తారు, ఉతికిన బట్టలు ఆరవు. సముద్రంలోకి దిగనివ్వరు, ఎర్ర జెండా కనపడితే వాదించకండి. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు యాప్‌లో ఫోటోలు చూసి డబ్బు కట్టేసే ముందు ఇంటి ఓనర్‌కి ఫోన్ చేసి, చుట్టుపక్కల భోజనానికి ఏది తెరిచి ఉందో కనుక్కోండి.