రాకబిల్లీ వినాలంటే రైలీనా, ఫెదర్సా?

1950ల నాటి అమెరికాలోని మెంఫిస్ రాకబిల్లీ (తెల్లవాళ్ల పల్లె పాటలైన కంట్రీ, నల్లజాతివాళ్ల బ్లూస్ కలిసిన తొలినాటి రాక్ అండ్ రోల్) అనగానే ఎల్విస్ ప్రెస్లీ గుర్తొస్తాడు. ఇంకాస్త విన్నవాళ్లకి కార్ల్ పెర్కిన్స్, జెర్రీ లీ లూయిస్. వాళ్లంతా పాడిన మెంఫిస్ రికార్డు కంపెనీ సన్ రికార్డ్స్ గడప తొక్కినా పెద్దగా పేరు రానివాళ్లలో నాకు ఇష్టమైనవాళ్లు ఇద్దరు: బిల్లీ లీ రైలీ, చార్లీ ఫెదర్స్. ఒక్కరినే వినే తీరిక ఉంటే ఎవరిని వినాలి?

రైలీ మొదటి పాటకే పట్టేస్తాడు. 1933లో ఆర్కన్సాలో, పాలికి సాగుచేసుకునే పేద కుటుంబంలో పుట్టాడు. పొలాల్లో పనిచేసే నల్లజాతి కూలీల దగ్గర గిటార్ నేర్చుకున్నాడు. 1957 నాటి 'ఫ్లయింగ్ సాసర్స్ రాక్ అండ్ రోల్'లో గొంతు చించుకుని పాడుతుంటే వెనక పియానో వాయించింది జెర్రీ లీ లూయిసే. చివరికి ఆ లూయిసే అడ్డొచ్చాడు. అదే ఏడాది వచ్చిన 'రెడ్ హాట్' కాస్త ఊపందుకునేసరికి, కంపెనీ యజమాని శామ్ ఫిలిప్స్ ప్రచారమంతా లూయిస్ కొత్త రికార్డు వైపు మళ్లించాడు. ఒళ్లు మండిన రైలీ తాగొచ్చి స్టూడియోని చిందరవందర చేశాడని కథలు కథలుగా చెప్పుకుంటారు.

తర్వాత లాస్ ఏంజెలిస్ వెళ్లి ఇతరుల రికార్డింగుల్లో వాయించాడు. గిటార్, హార్మోనికా, బ్లూస్, ఏది అడిగితే అది. పొట్ట గడవడానికి మంచి దారే. కానీ నాలుగు రికార్డులు వరసగా వింటే అన్నీ ఒక్క మనిషివేనా అనిపిస్తుంది.

ఫెదర్స్‌తో ఆ అనుమానం రాదు. 1932లో మిసిసిపీలో పుట్టిన ఈయన పాడుతూ పాడుతూ మాటని మధ్యలో తుంచేస్తాడు, ఎక్కిళ్లు పెడతాడు, ఉన్నట్టుండి గొంతు సన్నగా పైకి లాగుతాడు. పాటల రచయిత స్టాన్ కెస్లర్‌తో కలిసి ఈయన రాసినట్టు నమోదైన ఒక పాటని ఎల్విస్ 1955లో పాడితే అది కంట్రీ చార్టులో నంబర్ వన్ అయింది. సొంతంగా 1956లో కింగ్ కంపెనీకి పాడినవి మాత్రం అమ్ముడుపోలేదు. సన్‌లో ఎల్విస్ పాటల్ని తీర్చిదిద్దింది తానేనని కూడా చెప్పుకునేవాడు. అందులో సగం తీసేసి వినడం మంచిది!

గుర్తింపు ఇద్దరికీ ఆలస్యంగానే వచ్చింది. రైలీని 1992లో బాబ్ డిలన్ వెతికి పట్టుకుని తన వేదిక ఎక్కించాడు. 1997 ఆల్బమ్‌కి గ్రామీ నామినేషన్ వచ్చింది. ఫెదర్స్ 1998లో పోయాక, 2004లో 'కిల్ బిల్' సినిమా రెండో భాగంలో ఆయన పాట 'కాంట్ హార్డ్‌లీ స్టాండ్ ఇట్' వినపడి కొత్త శ్రోతలు దొరికారు.

నలుగురు కూర్చున్నచోట పెట్టాలంటే రైలీయే మేలు, ఎవరి కాలూ కుదురుగా ఉండదు. ఒంటరిగా వినడానికైతే నా ఓటు ఫెదర్స్‌కే. మొదట్లో ఇదేం పాటరా అనిపించొచ్చు. ఆ 1956 కింగ్ పాటల్ని హెడ్‌ఫోన్స్‌లో రెండోసారి విన్నాక కూడా అలాగే అనిపిస్తే రైలీ దగ్గరికి వెళ్లిపోండి.